అడిగే పిల్లలు కావాలి

మన పిల్లలు బడికి పోతున్నారు. ఎక్కాలు అప్పజెబుతున్నారు, పద్యాలు వల్లిస్తున్నారు. మరి ప్రశ్న అడుగుతున్నారా?

అడగడం మనకు చిన్న పని కాదు. చిన్నప్పుడు బాబాసాహెబ్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని తరగతిలో ఓ మూల విడిగా కూర్చోవలసి వచ్చింది. 1985 జూలైలో కారంచేడులో, తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని అన్నందుకే మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. అడిగే నోరు మూయించడమే కులం పని. బడి కూడా అదే పని చేస్తే ఇక చదువెందుకు? కిమ్మనకుండా కూర్చున్నోడే బుద్ధిమంతుడనే బడి మళ్లీ పాలేర్లనే తయారుచేస్తుంది.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని పిల్లలు బట్టీ పడతారు. మార్కులొస్తాయి. పాఠం అక్కడితో ఆపొద్దు. మన ఊళ్లో రద్దయిందా? టీ హోటల్లో, గుడి దగ్గర, శ్మశానం దారిలో చూసి రమ్మనండి. ఊరి పిల్లలూ వాడ పిల్లలూ కలిసే పోవాలి. ఒకరు అయిందంటారు, ఇంకొకరు కాలేదంటారు. ఎలా తెలిసిందో ఇద్దర్నీ చెప్పమనండి. లెక్కల్లోనూ అంతే. ఆడకూలి ఎంత, మగకూలి ఎంత? పది రోజులకు తేడా ఎంత? లెక్క తేలాక అసలు ప్రశ్న వస్తుంది: ఎందుకీ తేడా?

ఇంకో మాట. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆమె తరగతి గదుల్ని పరిశీలించింది. పంతుళ్లు ప్రశ్న వేసి జవాబు కోసం ఒక సెకను కూడా సరిగా ఆగడం లేదని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు, ఇంకా వివరంగా మాట్లాడారు. పైసా ఖర్చులేని పని! ముందు బెంచీలో చెయ్యి లేవగానే జవాబు తీసుకుంటే వెనక బెంచీ ఎప్పుడు నోరు తెరుస్తుంది? వెనక బెంచీలో ఎవరుంటారో మనకు తెలుసు. వారం వారం చోట్లు మార్చండి.

సిలబస్ అయిపోదంటారా? బట్టీ వద్దు, చదువును బడి బయటి బతుకుతో కలపమని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. కాగితం మనవైపే ఉంది.

అమ్మలారా, అయ్యలారా! 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. పోయి కూర్చోండి. వేలిముద్ర వేసి రావడం కాదు, మా పిల్లల్ని మాట్లాడనిస్తున్నారా అని అడగండి. సాయంత్రం ఇంటికొచ్చిన బిడ్డను "ఇవాళ సారునేం అడిగావ్?" అనండి.

ఇవాళ పంతుల్ని ఎందుకని అడిగిన పిల్లే రేపు పెత్తందారును లెక్క అడుగుతుంది.