పద్దెనిమిదేళ్లతో ఆగుతున్న ఆసరా
ఆటిజం విద్యార్థులకు అగ్నిపరీక్షగా డిగ్రీ చదువు

కరీంనగర్, ఆదిలాబాద్: పిల్లల్లో ఎదుగుదల లోపాలను పసిగట్టేందుకు 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ల వయసు వరకే వర్తిస్తుంది. భవిత కేంద్రాల సేవలు బడి పిల్లలకే పరిమితం. ఇంటర్ గట్టెక్కి డిగ్రీలో అడుగిడే ఆటిజం విద్యార్థికి సరిగ్గా ఆ వేళకే ఆసరా తెగిపోతోంది.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దానికి చోటు దక్కింది. కనీసం 40 శాతం వైకల్యం నిర్ధారణ అయినవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలని 32వ సెక్షన్ నిర్దేశిస్తోంది. సీటు దొరకడం ఒక ఎత్తు, తరగతిలో నిలదొక్కుకోవడం మరో ఎత్తు.

నోరు మెదపకుంటే చదవనట్లేనా?
ఆటిజం అంటే బుద్ధిమాంద్యమనే అపోహ నేటికీ బలంగానే ఉంది. కొందరిలో రెండూ ఉండవచ్చు గానీ, తెలివితేటల్లో ఎవరికీ తీసిపోనివారు ఎందరో. చిక్కంతా వేరేచోట ఉంది. బడిలో ఒకే గది, ఒకే కాలపట్టిక. కళాశాలలో గంటకో గది, అధ్యాపకుడు సెలవు పెడితే చెప్పాపెట్టకుండా మారే పాఠం, క్యాంటీన్ రొద, ప్రయోగశాలలో జట్టు పని. అన్నింటికంటే కఠినమైనది మౌఖిక పరీక్ష. జవాబు తెలిసీ ఎదుటివారి కళ్లలోకి చూసి చెప్పలేని విద్యార్థిపై చదవలేదన్న ముద్ర పడుతుంది. వేళాకోళాన్ని వేళాకోళంగా గ్రహించలేని అమాయకత్వం ర్యాగింగ్‌కు చిక్కేలా చేస్తుంది.

వీటిని చక్కదిద్దేందుకు కోట్ల రూపాయలు అక్కర్లేదు. కాలపట్టికలో మార్పును ముందురోజే రాసి చూపడం, మౌఖిక ప్రశ్నలకు రాతలో జవాబును అనుమతించడం, రొద భరించలేనప్పుడు కూర్చునేందుకు ఓ గది, ఏ ఇబ్బంది వచ్చినా వెళ్లి చెప్పుకొనేందుకు ఒకే అధ్యాపకుడు. ఇంతే.

అదనపు గంట
కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ 2018లో జారీ చేసిన మార్గదర్శకాలు, సహాయ లేఖకుడు లేకుండా రాసే అర్హులకు 3 గంటల పరీక్షలో కనీసం మరో గంట ఇవ్వవచ్చని పేర్కొన్నాయి. ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి సదుపాయం కల్పించాలని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడమే కష్టమైన వైకల్యం ఇది. 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయమైనా, ఓరుగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయమైనా పరీక్ష దరఖాస్తులోనే ఇందుకు ఓ గడి కేటాయిస్తే విద్యార్థి తండ్రి ధ్రువపత్రం పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.