డ్రాగన్‌కీ తప్పని నడుంనొప్పి

బ్రూస్‌లీ కాలు విసిరితే హాల్లో ఈలలే ఈలలు. ఆ విసిరే మనిషికి నడుంనొప్పి ఉందంటే ఎవరు నమ్ముతారు? కానీ ఉంది. అదీ ఆయన్ని స్టార్‌ని చేసిన 'ది బిగ్ బాస్' కంటే ముందునుంచీ!

1970... అప్పటికి బ్రూస్‌లీకి ముప్పై ఏళ్లు నిండలేదు. ఓ రోజు సరిగ్గా వార్మప్ చెయ్యకుండానే బార్‌బెల్‌ని భుజాలమీద పెట్టుకుని నడుం వంచి లేచాడు. దాని బరువు సుమారు 57 కిలోలంటారు. ఇంచుమించు ఆయన ఒంటి బరువంత! వెన్ను కింది భాగంలో నరం దెబ్బతింది. ఇక కిక్కుల సంగతి మర్చిపొమ్మన్నారట డాక్టర్లు. నెలల తరబడి మంచమే. ఇల్లు గడవడానికి భార్య లిండా ఉద్యోగంలో చేరింది. ఆయనేమో పడుకునే తన యుద్ధవిద్య గురించి నోట్సు రాసుకున్నాడు. ఆ తరవాత లేచాడు, 1971లో సినిమా చేశాడు. నొప్పి మాత్రం పూర్తిగా వదల్లేదు.

ఆయనది బరువు తెచ్చిన తంటా. మామూలు సాధనలోనూ నడుముకి పని తక్కువేం కాదు. కరాటే, తైక్వాండోల్లో కాలు గుండ్రంగా తిప్పి కొట్టాలంటే వెన్ను మెలితిరగాలి, కాస్త వెనక్కీ వంగాలి. జూడోలో ఎదుటివాణ్ని తుంటిమీదికి లాక్కుని విసరాలి, అదీ ఎక్కువగా అలవాటైన వైపే. రోజూ వందలసార్లు ఇదే పని!

పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. ఎదిగే వయసులో ఈ మెలికలకి వెన్నుపూస వెనకభాగంలో సన్నటి పగులు రావచ్చు. దాన్నే స్పాండిలోలిసిస్ అంటారు. వెనక్కి వంగితే నొప్పి, ఆట ఆపితే ఉపశమనం... ఇలా రెండు వారాలు దాటితే డాక్టరుకి చూపించాల్సిందే. 'ఓర్చుకుంటేనే బెల్టు' అనే మాస్టర్ల మాట ఇక్కడ చెల్లదు.

పెద్దల్లో నొప్పి 12 వారాలు దాటితే దీర్ఘకాలికం కిందే లెక్క. వెంటనే స్కానింగ్‌కి పరిగెత్తుతారు చాలామంది. నొప్పే లేనివాళ్ల స్కాన్‌లోనూ అరిగిన డిస్కులు కనిపిస్తాయి కాబట్టి దాన్ని చూసి బెంబేలెత్తక్కర్లేదు. ప్రత్యేక కారణమేదీ కనిపించని దీర్ఘకాలిక నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన వ్యాయామం, నొప్పిమీద అవగాహన అందులో ఉన్నాయి. నడుముకి కట్టుకునే బెల్టులు మాత్రం మామూలుగా వాడొద్దంది. నల్లబెల్టు వీరులకి ఈ బెల్టుతో పనిలేదన్నమాట!

అలాగని సాధన పూర్తిగా మానేసి మంచమెక్కినా లాభం లేదు. కిక్కు ఎత్తు తగ్గించడం, విసుర్ల లెక్క తగ్గించడం, పొట్ట, పిరుదుల కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చెయ్యడం, ఫిజియోథెరపిస్టు సలహాతో మళ్లీ మెల్లగా పెంచుకుంటూ పోవడం... దారి ఇదే. కాలు పట్టు తప్పుతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం మీద అదుపు లేకపోయినా ఈ కసరత్తులేవీ పెట్టుకోకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.