నిద్రించినవాళ్ళు ఏ భాషలో లేవాలి?

ఈ ఏటి ఈస్టరు తెల్లవారుజామున, ఎప్పటిలాగే, బరంపురంలో మా సమాధుల తోటకి కొవ్వొత్తులు పట్టుకుని వెళ్ళాం. నా చిన్నతనంలో అక్కడ కీర్తన అందుకునేది మా మేనత్త. ఆమె ఇప్పుడు ఆ తోటలోనే ఉంది. ఈసారి ఒక పెద్ద స్పీకరు తెచ్చి, ఇంగ్లీషు పాటకి తెలుగు తొడుగు వేసి పాడారు. ‘రిసరెక్షన్ పవర్’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ‘లేచెను’ అన్న మాట ఒక్కసారీ రాలేదు.

ఇదేమిటని అడిగితే మా సంఘం యువకులు మూడు జవాబులు చెప్పారు: దేవుడికి భాషతో పనిలేదు, పాత కీర్తనలు ఏడుపు పాటలు, వాటి భాష అర్థం కాదు.

దేవుడికి పనిలేకపోవచ్చు. పాడేది మనం కదా! మన సమాధి రాళ్ళమీద ‘చనిపోయెను’ అని చెక్కించం, ‘ప్రభువునందు నిద్రించెను’ అని చెక్కిస్తాం. పాటలో ‘లేచెను’ అంటాం. పొద్దున్నే పిల్లాడు లేచినా, పడ్డవాడు లేచినా, సమాధిలోంచి లేచినా తెలుగులో అదే మాట. రాతిమీది నిద్రకి పాటలోని లేవడమే జవాబు. ఇది మనం కల్పించుకున్న చమత్కారం కాదు. లాజరు నిద్రపోతున్నాడు, లేపడానికి వెళ్తున్నానని యేసు అంటే శిష్యులు మామూలు నిద్రే అనుకున్నారని యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఉంది. మా మనవడికి అత్త రాతిమీది అక్షరాలు చదివి వినిపిస్తే, “ఎప్పుడు లేస్తుంది తాతా?” అన్నాడు. ‘రిసరెక్షన్’ అని చెప్పి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదా?

ఇక ఏడుపు పాటలన్న మాట. తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో పెద్దవాడు పురుషోత్తమ చౌధరి (1803–1890) మన పర్లాకిమిడి ప్రాంతంవాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సరిహద్దుకి ఇవతల పడింది. కాబట్టి ఆ కీర్తనలు ఎక్కడో కోస్తా నుంచి మనకి అరువు వచ్చినవి కావు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తీసి చూడండి, కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ తాళం వదిలేసి, సాగదీసి సాగదీసి పాడి, వాటిని ఏడుపు పాటలు చేసింది మా తరమే.

అర్థం కాదన్నది మాత్రం నిజం. అందులో కొంత గ్రాంథికం. పిల్లలేమో ఒడియా బడిలోనో, ఇంగ్లీషు బడిలోనో చదివారు. తెలుగు అక్షరం రాదు. ఆ తప్పు వాళ్ళది కాదు, ఇంట్లో కూర్చోబెట్టి నేర్పని మాది. అందుకే లిపి గురించి నేను పట్టుబట్టను. ఒడియా అక్షరాల్లోనే అచ్చు వేయించండి. లిపి మారితే పాట చావదు, మాట పోతే చస్తుంది.

నా మనవి చిన్నది. లెంటు రోజుల్లో ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట కేటాయించి, అర్థం చెప్పి, తాళం వేయించి, పునరుత్థాన కీర్తనలు మూడు నేర్పుదాం. వచ్చే ఈస్టరుకి స్పీకరు తేవద్దనను. అది మోగే ముందు, ఆ రాళ్ళ మధ్య నిలబడి, ఒక్క కీర్తన మా నోటితో పాడనివ్వండి.