బుజ్జి కుక్కకు ఇంట్లో మెడపట్టీ ఎందుకు?

తెలుగునాట కుక్క మెడలో పట్టీ ఉన్నదంటే దానికి ఒక ఇల్లు, ఒక యజమాని ఉన్నారని అర్థం. పట్టీ లేనిది ఊరకుక్క. పురపాలక సంఘం వారి బండి వీధిలోకి వచ్చిన రోజున ఆ రెండింటికీ మధ్య ఉండే భేదం ఆ తోలుముక్క ఒక్కటే. ఈ భావన సముద్రాలు దాటి కూడా వచ్చింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, ముఖ్యంగా 2020 నాటి కరోనా నిర్బంధకాలం నుంచి, పిల్లల పోరు పడలేక కుక్కను తెచ్చుకున్నవారు చాలామంది ఉన్నారు. అపార్ట్‌మెంటు జీవితానికి అనువుగా ఉంటాయని వారిలో పలువురు ఎంచుకున్నవి చివావా, పొమరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ వంటి చిన్న జాతులే. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు కూడా అది ముద్దొస్తుంది. పట్టీ తీసివేస్తే మాత్రం "మెడ బోసిగా ఉంది" అని వారి మనస్సు చివుక్కుమంటుంది. మువ్వల పట్టీ దొరకకపోతే దిష్టి తగలకుండా నల్లతాడైనా కడతారు.

ఆ ప్రేమను తప్పుపట్టనక్కరలేదు. కాని నాలుగు గోడల మధ్య తిరిగే మూడు కిలోల ప్రాణికి మెడలో పట్టీ చేసే ఉపకారమెంత, అపకారమెంత అని లెక్క వేసి చూస్తే, గుమ్మం లోపలికి రాగానే దానిని తీసి కొక్కేనికి తగిలించడమే మేలని తేలుతుంది.

పట్టీకి ఉన్న పనులు రెండు. గొలుసు తగిలించుకోవడానికి ఆధారం కావడం ఒకటి, యజమాని చిరునామా చెప్పడం రెండవది. ఇంట్లో గొలుసు అవసరం లేదు. సోఫా మీద నిద్రపోతున్న కుక్క ఎవరిదో ఆ ఇంటివారికి చెప్పనక్కరలేదు. మిగిలేది అలంకారం. అలంకారానికైతే, పట్టుచీర రంగుకు సరిపోయే పట్టీ కట్టి పండుగనాడు ఫొటో తీసుకుని విప్పివేయవచ్చు.

ఇక అపకారం మాట. అమెరికా ఇళ్ళ నిర్మాణం తెలిసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. నేలలో అక్కడక్కడ వేడిగాలి వచ్చే జాలీలు ఉంటాయి. చలికాలంలో చిన్న కుక్క వెచ్చదనం కోసం సరిగ్గా అక్కడే పడుకుంటుంది. దాని మెడలోని బిళ్ళ ఆ జాలీ సందులోకి జారి అడ్డం తిరుగుతుంది. కుక్క లేవబోతే మెడ రాదు, బెదిరి లాగుతుంది, లాగేకొద్దీ జాలీయే ఊడి మెడకు వేలాడుతుంది. పెరటిలోని డెక్ చెక్కల మధ్య సందులు, ఇనుపతీగల పంజరం, ఎంగిలి పళ్ళేలు నాకడానికి తలదూర్చిన డిష్‌వాషర్ అర, అన్నీ ఈ పని చేయగలవు. రెండు కుక్కలున్న ఇంట్లో మరొక ప్రమాదం ఉన్నది. ఆటలో ఒకదాని కింది దవడ రెండవదాని పట్టీలో ఇరుక్కుంటుంది. అది విడిపించుకోవడానికి పొర్లేకొద్దీ పట్టీ మెలిపడి రెండవది ఊపిరాడక గిలగిలలాడుతుంది. ఇంట్లో మనుషులు లేని వేళ ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇవి తరచుగా జరిగేవి కావన్నది నిజమే. కాని ఏ ప్రయోజనమూ లేని వస్తువు కోసం చిన్న ప్రమాదమైనా ఎందుకు నెత్తిన వేసుకోవాలి?

చిన్న కుక్కల విషయంలో ప్రత్యేకించి చెప్పవలసినది వాయునాళం గురించి. ఈ నాళం తెరిచే ఉండాలి గనుక దాని గోడలలో ప్రకృతి మృదులాస్థితో చేసిన అర్ధవలయాలను పేర్చింది. ఇంగ్లీషు సి అక్షరం ఆకారంలో ఉండే ఆ వలయాల తెరిచిన కొసలను వెనుకవైపున ఒక పలుచని కండరపు పొర కలుపుతుంది. మృదులాస్థికి గట్టితనం ఇచ్చేది కాండ్రాయిటిన్ సల్ఫేట్ వంటి దీర్ఘ అణువులు. వీటిపై ఉండే రుణ విద్యుదావేశం నీటిని పట్టి ఉంచుతుంది. నీరు నిండిన మృదులాస్థి గాలి నిండిన సైకిలు ట్యూబులా బిగువుగా ఉంటుంది. యార్క్‌షైర్ టెర్రియర్, పొమరేనియన్, చివావా, టాయ్ పూడుల్ వంటి జాతులలో కొన్నింటికి ఈ అణువులు తక్కువవుతాయి. నీరు తగ్గి వలయాలు మెత్తబడతాయి, నాళం చదునుగా అణగిపోతుంది. అప్పుడు వచ్చే దగ్గు బాతు అరుపులా ఉంటుందని పశువైద్యులు వర్ణిస్తారు. ఒకసారి విన్నవారు మరచిపోరు.

పట్టీ ఈ జబ్బును పుట్టించదు. కాని మెత్తబడిన నాళం మీద ఏ చిన్న ఒత్తిడి పడినా దగ్గు తెర మొదలవుతుంది, దగ్గు నాళాన్ని మరింత రాపిడికి గురిచేస్తుంది. మధ్యవయస్సు వచ్చేవరకు చాలా కుక్కలలో ఈ లోపం బయటపడదు గనుక, తమ కుక్క మెడ ఎంత గట్టిదో యజమానికి ముందుగా తెలిసే వీలు లేదు.

ఒత్తిడి ఎంత ఉంటుందో స్థూలంగా లెక్క కట్టవచ్చు. మూడు కిలోల కుక్క సోఫా మీదినుంచి దూకినపుడు పట్టీ ఎక్కడో చిక్కుకుని దాని బరువంతా మెడ మీద పడినదనుకుందాం. అది సుమారు 30 న్యూటన్ల బలం. ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ మూడు సెంటీమీటర్ల మేర గొంతును ఒత్తితే, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున పడుతుంది. రక్తపోటు కొలిచే ప్రమాణంలో చెప్పాలంటే అది 700 మిల్లీమీటర్ల పాదరసానికి పైమాటే. ఆరోగ్యవంతుడైన మనిషి పై రక్తపోటు 120 అని గుర్తుచేసుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. దూకిన వేగాన్ని ఈ లెక్కలో చేర్చనే లేదు.

ప్రయోగశాలల సాక్ష్యమూ ఇదే దిశలో ఉన్నది. మెడపట్టీని లాగినపుడు కుక్క కంటిలోపలి ఒత్తిడి చెప్పుకోదగినంతగా పెరుగుతుందని, ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్‌తో అలా జరగదని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2006లో ప్రకటించారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం వారు 2020లో కృత్రిమంగా చేసిన కుక్క మెడ మీద రకరకాల పట్టీలను పరీక్షించి, గట్టిగా లాగినపుడు మెడకు హాని జరగదని చెప్పదగిన పట్టీ వాటిలో ఒక్కటీ లేదన్నారు. ఇవి గొలుసుకు సంబంధించిన పరీక్షలు, ఇంటికి ఎలా వర్తిస్తాయని అడగవచ్చు. పిల్లలున్న ఇంట్లో పట్టీ అంటే ఒక పిడి. మంచం దించడానికి, తలుపు దగ్గరినుంచి లాగడానికి, తమ్ముడి చేతినుంచి గుంజుకోవడానికి ఐదేళ్ళ పిల్ల పట్టుకునేది ఆ పట్టీనే. పిడి లేకపోతే రెండు చేతులతో పొట్ట కింద పట్టి ఎత్తుకోవడం ఆ పిల్లే నేర్చుకుంటుంది.

పట్టీ ఉండాలనే వారి వాదనలో బలమైనది ఒకటే. తలుపు తెరిచిన క్షణంలో కుక్క బయటికి దూసుకుపోతే దాని చిరునామా ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నను తేలికగా కొట్టిపారవేయరాదు. దీనికి సమాధానం చర్మం కింద ఉంచే మైక్రోచిప్. బియ్యపు గింజంత గాజు గొట్టంలో ఇమిడే దీనికి బ్యాటరీ ఉండదు. చదివే పరికరం దగ్గరకు తెచ్చినపుడు మాత్రమే ఆ తరంగాలనుంచి శక్తి గ్రహించి తన సంఖ్యను చెబుతుంది. కుక్క ఎక్కడ ఉన్నదో చూపే సాధనమని కొందరు పొరబడతారు గాని, ఇది అటువంటిది కాదు. అమెరికాలోని 53 జంతుశరణాలయాల లెక్కలతో 2009లో వెలువడిన అధ్యయనంలో, తప్పిపోయి వచ్చిన కుక్కలన్నింటిలో 21.9 శాతం యజమానులను చేరగా, చిప్ ఉన్నవాటిలో 52.2 శాతం చేరాయి. చిప్ ఉండి కూడా యజమాని దొరకని సందర్భాలలో మూడవ వంతుకు పైగా కారణం ఒకటే: నమోదైన టెలిఫోను నంబరు తప్పు కావడమో, పనిచేయకపోవడమో. ఉద్యోగం మారినప్పుడల్లా రాష్ట్రం మారే కుటుంబాలు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాలి. వీసా కాగితాలలో చిరునామా మార్చడం మరచిపోనివారు కూడా కుక్క చిప్ సంగతి మరచిపోతారు.

పెరటికి కంచె లేని ఇల్లు, గుమ్మం దగ్గర కాచుకుని ఉండే కుక్క, సత్యనారాయణ వ్రతానికి యాభైమంది వచ్చే రోజు, జూలై 4 నాటి బాణసంచా రాత్రి, ఇవి మినహాయింపులు. అటువంటి వేళల్లో ఫోను నంబరు కుట్టిన తేలికపాటి పట్టీ వేయవలసిందే. అది కూడా లాగితే దానంతటదే విడిపోయే రకమైతే మంచిది. దిష్టికి కట్టే నల్లతాడుకు ఆ గుణం బొత్తిగా లేదు. చట్టం మాటకు వస్తే, బ్రిటన్‌లో 1992 నాటి ఉత్తర్వు యజమాని పేరు, చిరునామా గల పట్టీని వీధులలోను, బహిరంగ స్థలాలలోను తప్పనిసరి చేసిందే గాని ఇంటి లోపల కాదు. ఇంగ్లండులో చిప్‌ను 2016 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. అమెరికాలో నిబంధనలు ఊరికొక రకంగా ఉంటాయి గనుక ఎవరి కౌంటీ నియమాలు వారు చూసుకోవాలి.

ఇంతవరకు చెప్పినది మామూలు పట్టీ గురించి. పేలు, గోమార్లు చావడానికి కట్టే మందు పట్టీ కథ వేరు. మామూలు పట్టీని తీయవచ్చు, కాని మందు పట్టీ నిరంతరం మెడలో ఉంటేనే పనిచేస్తుంది. అంటే అది రాత్రింబవళ్ళు ఇంట్లోనే ఉంటుంది, పిల్లల పక్కమీద కూడా.

ఈ పట్టీ పనితనం రసాయనశాస్త్రానికి ఇంపైన విషయం. పీవీసీ వంటి ప్లాస్టిక్‌లో కీటకనాశినిని కలిపి పోతపోస్తారు. పైపొరలోని మందు తరిగేకొద్దీ లోపలినుంచి మందు నెమ్మదిగా ఉపరితలానికి చేరుతుంది, అక్కడినుంచి చర్మం మీది నూనెపొరలో కలిసి ఒళ్ళంతా పాకుతుంది. 1960లలో వచ్చిన తొలితరం పట్టీలలో వాడినది డైక్లోర్వాస్. అది ఆవిరై వ్యాపించే ఆర్గానోఫాస్ఫేటు. తరువాత కార్బమేటు జాతికి చెందిన ప్రొపాక్సర్ వచ్చింది. ఈ రెండూ ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుని కీటకాన్ని చంపుతాయి. చిక్కేమిటంటే ఆ ఎంజైము పేనులోనూ ఉన్నది, కుక్కలోనూ ఉన్నది, కుక్కను కావలించుకున్న పసిపిల్లలోనూ ఉన్నది. పట్టీ కట్టిన మొదటిరోజున చిన్నపిల్లలకు సోకే మోతాదు సురక్షితం కాదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిర్ధారించిన మీదట, ప్రొపాక్సర్ పట్టీలను ఉపసంహరించడానికి తయారీదారులు 2014లో అంగీకరించారు. కంపెనీలు 2016 ఏప్రిల్ నాటికి సరఫరా ఆపాయి. అప్పటికి ఆ పట్టీలు ఎన్ని ఏళ్ళుగా ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో తలచుకుంటే, దుకాణంలో అమ్ముతున్నారు గనుక నిరపాయమనే నమ్మకం ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

నేటి పట్టీలలో ప్రసిద్ధమైన సెరెస్టోలో ఇమిడాక్లోప్రిడ్ 10 శాతం, ఫ్లూమెత్రిన్ 4.5 శాతం ఉంటాయి. చిన్న కుక్కల పట్టీ బరువు 12.5 గ్రాములు, అంటే మొదటిది 1.25 గ్రాములు, రెండవది అర గ్రాముకు కొంచెం పైన. పని ఎనిమిది నెలలు. ఇమిడాక్లోప్రిడ్ కీటకాల నాడీగ్రాహకాలకు అంటుకున్నంత గట్టిగా క్షీరదాల గ్రాహకాలకు అంటుకోదు గనుక ఇది పాతవాటికంటె మేలైన ఎంపికే. 2021లో ఈ పట్టీమీద 75,000కు పైగా ఫిర్యాదులు, దాదాపు 1,700 పెంపుడు జంతువుల మరణాలు నమోదైనట్లు పత్రికలలో వచ్చి గగ్గోలు రేగింది. ఫిర్యాదు వేరు, కారణం వేరు. కోట్లకొద్దీ అమ్ముడైన వస్తువును కట్టుకున్న కుక్కలలో కొన్ని వేరే కారణాలతోనూ మరణిస్తాయి. 2023 జూలైలో పర్యావరణ పరిరక్షణ సంస్థ తన సమీక్షను వెలువరించి, చాలా మరణాలకు కారణం తేల్చడానికి తగిన సమాచారం లేదన్నది. అమ్మకాన్ని కొన్ని అదనపు షరతులతో, ఐదేళ్ళ పరిమితితో కొనసాగనిచ్చింది. ఆ సమీక్షలో పెద్దగా ఎవరి దృష్టికీ రాని అంశం ఒకటి ఉన్నది. పట్టీతో సంబంధం ఉన్నదని చెప్పగలిగిన కొద్ది మరణాలలో తరచు కనిపించిన కారణం మందు కాదు, ఉరి. లాగితే విడిపోవలసిన కొక్కెం విడిపోకపోవడం.

పాకే బిడ్డ ఉన్న ఇంట్లో మందు పట్టీ వద్దనడానికి ఇంతకంటె కారణాలు వెతకనక్కరలేదు. ఆ వయస్సులో చేతికందినది నోటికి వెళుతుంది, చేతికి ముందుగా అందేది కుక్క మెడ. పట్టీతో పిల్లలను ఆడుకోనివ్వవద్దని డబ్బా మీద రాసే ఉంటుంది, కాని ఆ అక్షరాలు బిడ్డకు చదవడం రాదు. ప్రత్యామ్నాయం ఉన్నది. 2013, 2014 సంవత్సరాలలో అమెరికాలో అనుమతి పొందిన అఫోక్సోలానర్, ఫ్లూరాలానర్ వంటి నమిలే బిళ్ళలు కుక్క రక్తంలోకి చేరి, కుట్టిన పేనును, గోమారిని చంపుతాయి. బొచ్చు మీద మందు ఉండదు. వీటికీ హెచ్చరిక లేకపోలేదు. కొన్ని కుక్కలలో వణుకు, తూలుడు, మూర్ఛ రావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో ప్రకటించింది. కనుక కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి పశువైద్యునితో ముందే చెప్పాలి. ఇంట్లో ఎంత వయస్సు పిల్లలున్నారో కూడా చెప్పాలి. చాలామంది వైద్యులు కుక్క బరువు అడుగుతారు గాని ఆ ప్రశ్న వేయరు.