అడుగు హక్కు

మర్యాద యనగా నొకరి గౌరవమును కాపాడు కట్టుబాటు. ఒకరి నోరు మూయించు కట్టుబాటునకును ఆ పేరే పెట్టుట లోకమున పరిపాటియైనది. అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఐరిస్ నగరమందలి టాంగో నృత్యసభలే యిందుకు నిదర్శనము.

మిలోంగలనబడు ఆ సభలలో, పాత సంప్రదాయమును పాటించుచోట్ల, స్త్రీలొక ప్రక్కను పురుషులొక ప్రక్కను కూర్చుందురు. పురుషుడు స్త్రీయొద్దకు పోయి పిలువరాదు. దూరమునుండియే చూచి తల యూపవలెను. సమ్మతమైనచో నామెయు తల యూపును. కానిచో చూపు మరల్చుకొనును. దీనిని కబెసేఓ అందురు. ఎవరెవరిని కాదనిరో ప్రక్కవారికి తెలియదు. మూడు నాలుగు పాటల వరుస ముగిసినంతనే వేరొక తీరు సంగీతము కొంచెము మ్రోగును, జంటలు విడిపోవుదురు. నడుమనే విడువగోరువారికి 'కృతజ్ఞతలు' అను నొక్కమాట చాలును. కాదనువారి నింత సుకుమారముగా కాపాడు ఆచారమును మేము మెచ్చుచున్నాము.

అయితే అందులోనే ముల్లు కలదు. తల యూపి పిలుచుట పురుషుని వంతు. ఎదురుచూచుట స్త్రీ వంతు. రాత్రియెల్ల ఎవరును పిలువక కూర్చుండిపోయిన స్త్రీని 'ఇస్త్రీ చేయుచున్నది' అని యచ్చటివారు ఎగతాళి చేయుదురు. నడిపించువాడు పురుషుడే, అనుసరించునది స్త్రీయే యనుట రెండవ బంధము.

"స్త్రీయు తన చూపుతో పిలుచుచునే యున్నది గదా!" అని పూర్వాచారపరులు వాదింతురు. నిజమే. కాని పురుషుడు తల యూపునంతవరకు ఆ చూపునకు విలువయేది? కాదనుటకు హక్కుండి అడుగుటకు లేకపోవుట సగము స్వాతంత్ర్యము మాత్రమే.

"వంతులు మార్చినచో టాంగోయే నశించును" అని మరికొందరు భయపెట్టుదురు. తొలినాళ్లలో పురుషులు పురుషులతోనే ఆడి యీ నృత్యమును అభ్యసించిరి. నాడు చెడని కళ నేడు స్త్రీ నడిపించినంత మాత్రమున చెడునా? ఈ శతాబ్దారంభమున ఆ నగరముననే క్వీర్ టాంగో సభలు వెలసినవి. అందెవరైనను నడిపింపవచ్చును, ఎవరైనను అనుసరింపవచ్చును. టాంగో నశింపలేదు. 2009లో యునెస్కో సంస్థ దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది కూడ.

మేము కోరునది ఆచారనాశము కాదు. దూరపు చూపు నిలుచుగాక. కాదనువారి గౌరవము నిలుచుగాక. అడుగు హక్కు మాత్రము స్త్రీ పురుషులిరువురికిని సమముగా నుండవలెను. అంతవరకు దానిని మర్యాద యనుటకు మేమంగీకరింపము.