అవ్వ బరువు ఏ రిజిస్టర్లో ఉంది?

ఏజెన్సీలో ఒక ముసలామె చిక్కి చిక్కి చనిపోతే కారణం ఏం రాస్తారు? "వృద్ధాప్యం" అని రాస్తారు. మనమూ "వయసైపోయింది కదా" అనుకుని మట్టి చేసి వచ్చేస్తాం. చివరి ఏడాది ఆమె రోజుకి ఎన్ని ముద్దలు తిన్నదో ఎవరూ అడగరు. వయసు జుట్టు నెరిపిస్తుంది, నడుం వంచుతుంది. మనిషిని ఎముకల గూడు చేసేది చాలాసార్లు తిండి లేకపోవడమే.

అంగన్‌వాడీలో పిల్లల్ని నెలనెలా తూకం వేస్తారు, గర్భిణుల్నీ వేస్తారు. వెయ్యాల్సిందే. 60 దాటిన మనిషి బరువు రాసే రిజిస్టర్ మీ ఊళ్ళో ఒక్కటన్నా ఉందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎత్తు, బరువు కొలిచింది ఆడవాళ్ళలో 49 ఏళ్ళ వరకు, మగవాళ్ళలో 54 ఏళ్ళ వరకు. ఆ పైవాళ్ళకి బీపీ చూశారు, షుగర్ చూశారు, బరువు మాత్రం చూడలేదు. ముసలోళ్ళకి జబ్బు ఉంటుందని సర్కారుకి తెలుసు, ఆకలి ఉంటుందని తెలీదన్నమాట! 45 దాటినవాళ్ళని తూచిన 'లాసీ' సర్వే 2017–18లో జరిగింది. అందులో 60 దాటినవాళ్ళలో నాలుగో వంతుకు పైగా ఉండాల్సిన బరువు కన్నా తక్కువ ఉన్నారు. అది పట్నం, పల్లె కలిపిన లెక్క. కొండల మీది గూడేల లెక్క విడిగా తీసి చూపించమనండి.

"బియ్యం ఇస్తున్నాం కదా" అంటారు. లెక్క చూద్దాం. 2013 ఆహార భద్రతా చట్టం కింద మామూలు కార్డు మీద మనిషికి నెలకి 5 కిలోలు. రోజుకి 166 గ్రాములు. అందులో సుమారు 600 కేలరీలు, 13 గ్రాముల మాంసకృత్తులు. 40 కిలోల అవ్వకి రోజుకి 33 గ్రాములన్నా మాంసకృత్తులు కావాలి. మిగతా 20 గ్రాములు ఎక్కణ్ణుంచి రావాలి? ఒకప్పుడు పోడులో చోళ్ళు, సామలు, కందులు పండేవి. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో 10 దగ్గర. పళ్ళూడిన నోటికి చోడి అంబలే ఆధారం. ఇప్పుడు చాలాచోట్ల ఆ చేలల్లో జీడిమామిడి, పత్తి. అడవికెళ్ళి దుంపలు తవ్వుదామంటే మోకాళ్ళు లేవవు.

ఆ 5 కిలోలైనా చేతికొస్తాయా? జీవితమంతా మట్టి పిసికి, కట్టెలు మోసిన వేళ్ళకి గీతలు అరిగిపోతాయి. మిషన్ "ముద్ర పడలేదు" అంటుంది. కొడుకూ కోడలూ మిరపకోతలకి వలసపోతే ఇంట్లో మిగిలేది అవ్వ, మనవలు. ఉన్నది మనవడికి పెట్టి "నాకు ఆకలి లేదురా" అంటుంది. ఆ మాట నమ్మకండి.

"పెన్షన్ ఇస్తున్నాం కదా" అని ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో 4,000 ఇస్తున్నారు, అది చిన్న డబ్బేం కాదు. కేంద్రం వాటా మాత్రం 79 ఏళ్ళ వరకు ఇప్పటికీ 200 రూపాయలే! వచ్చిన పెన్షన్ అవ్వ ఒక్కదానిదా? సంతలో బాకీ, మనవడి మందులు, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే. చాలా ఇళ్ళల్లో నెలనెలా తప్పకుండా వచ్చే ఆదాయం అదొక్కటే. డబ్బు ఇంటిది అవుతుంది, వండి వడ్డించిన పళ్ళెం అయితే మనిషిది అవుతుంది.

ఇదేం కొత్త కోరిక కాదు. తమిళనాడు 1980ల్లోనే బడి భోజన కేంద్రాల్లో వృద్ధాప్య పెన్షన్‌దారులకీ అన్నం పెట్టడం మొదలెట్టింది. మన అల్లూరి జిల్లా సరిహద్దు దాటితే వచ్చే కోరాపుట్, మల్కాన్‌గిరిల్లో ఒడిశా ప్రభుత్వం దిక్కులేని వృద్ధులకి వండిన భోజనం పథకం నడిపింది. దిక్కులేని వృద్ధులకీ, ఆదిమ తెగల కుటుంబాలకీ అంత్యోదయ కార్డు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2003 మే 2నే చెప్పింది. ఆ కార్డుకి నెలకి 35 కిలోలు. ఒంటరి చెంచు అవ్వ చేతిలో, కొండరెడ్డి తాత చేతిలో ఏ కార్డు ఉందో మీరే చూడండి.

తూకం మిషన్ లేదనే సాకు కూడా చెల్లదు. ముసలివాళ్ళ పోషణ కొలవడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఉంది. ఆరు ప్రశ్నలు, ఒక టేపు చాలు. తిండి తగ్గిందా, మూడు నెలల్లో బరువు తగ్గారా, లేచి తిరగగలుగుతున్నారా, ఇలాంటివే. బరువు, ఎత్తు చూడలేకపోతే కాలి పిక్క కొలుస్తారు. 31 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే అది హెచ్చరిక. ఆశా కార్యకర్తకి పది నిమిషాల పని. దానికి ఆమెకి అదనంగా డబ్బులివ్వాలి, ఊరికే చేయించుకోకూడదు.

మనం అడిగేవి ఇవి. ప్రతి గూడెంలో 60 దాటినవాళ్ళని మూడు నెలలకోసారి కొలవాలి. అంగన్‌వాడీలో వాళ్ళకి రోజూ ఒక పూట పప్పు, గుడ్డు, మెత్తటి అన్నం పెట్టాలి, నడవలేనివాళ్ళకి ఇంటికి పంపాలి. డిపోలో బియ్యంతో పాటు చోళ్ళు, కందిపప్పు ఇవ్వాలి. ముద్ర పడలేదని ఒక్కరిని కూడా వట్టి సంచితో పంపకూడదు.

ఐటీడీఏకి అర్జీ పెట్టే ముందు ఒక టేపు తీసుకుని మీ ఇంట్లో అవ్వ పిక్క కొలవండి. పక్కింటి తాతది కూడా కొలవండి. పేరు, వయసు, అంకె కాగితం మీద రాయండి. ఆ కాగితం గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. సర్కారు రాయని లెక్క మన ఊరు రాసి చేతిలో పెడితే, "మా దగ్గర వివరాలు లేవు" అనే జవాబు ఇంక కుదరదు.