నిప్పుతో చెలగాటం - కుటుంబం బాధ్యత

"పిల్లవాడు నిప్పుతో ఆడితే నాలుగు తగిలించండి, మళ్ళీ ముట్టడు" అనే మాట మన ఇళ్ళలో తరతరాలుగా వినిపిస్తున్నది. ఈ మాట ఎంత పాతదో అంత ప్రమాదకరమైనదని నా అభిప్రాయం.

మా వీధిలో ఎనిమిదేళ్ళ బాలుడొకడు ఉండేవాడు. తండ్రి జీవనోపాధికై గల్ఫ్‌కు వెళ్ళిన కొద్ది మాసాలకే వాడు దొడ్లో చిత్తుకాగితాలు కాల్చడం మొదలుపెట్టాడు. మేనమామ బెత్తంతో కొట్టాడు. నెల తిరగకుండానే పొరుగువారి గడ్డివాము అంటుకున్నది. దెబ్బలు తిన్న పిల్లవాడు నిప్పును మానలేదు. చాటుగా ముట్టించడం నేర్చుకున్నాడు.

నిప్పు ముట్టించే పిల్లలందరూ ఒక్క తీరువారు కారు. పసివారిలో అధికులను ప్రేరేపించేది కేవలం కుతూహలం. కొందరిని మాత్రం కోపం, దిగులు, ఇంటి కలహాలు, ఆదరణ లేమి అందుకు పురికొల్పుతాయి. మొదటివారికి బోధ చాలు. రెండవవారికి బోధతోపాటు ఓదార్పు, చికిత్స కావాలి. అమెరికాలో డేవిడ్ కోల్కో 2001లో ప్రకటించిన పరిశోధనలో, అగ్నిమాపక ఉద్యోగి ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళడం కంటే క్రమబద్ధమైన అగ్నిభద్రతా శిక్షణ, మానసిక చికిత్స ఎక్కువ ఫలితమిచ్చాయి.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ఏడేళ్ళలోపు బాలుని చేతను నేరంగా ఎంచదు. చట్టం విడిచిన చోట బాధ్యత వహించవలసినది కుటుంబమే గదా!

కూలికి పోయే తల్లికి ఇంత తీరిక ఎక్కడిదని కొందరు ప్రశ్నించవచ్చు. అగ్గిపెట్టెను, గ్యాసు లైటరును పిల్లల చేతికందని చోట దాచడానికి పైసా ఖర్చు లేదు. ఊదు వేసేటప్పుడు, దీపావళికి టపాకాయలు కాల్చేటప్పుడు పిల్లలను ఒంటరిగా విడువరాదు. కాలిన పుల్లలు, చొక్కాపై మాడిన మచ్చలు కనబడితే కేకలు వేయక, కూర్చోబెట్టుకొని కారణమడగాలి. అలవాటు మానకపోతే వైద్యుని సంప్రదించాలి. టెలి మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

మా వీధి బాలుని విషయంలో ఈ పని వాని నానమ్మ చేసింది. ప్రతి శుక్రవారం తండ్రితో ఫోనులో మాట్లాడించింది. అగ్గిపెట్టె ఎక్కడ కనబడినా తనకు చెప్పే పని వానికే అప్పగించింది. ఆపై ఆ ఇంట అటువంటి మాట వినబడలేదు.

విద్యార్థి మిత్రులారా! ఇంట్లో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మీ మాటంటే గురి. బెత్తం కంటే ముందు మీరు వారి పక్కన కూర్చోండి. కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం: ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాలలో ఒకనాడు తల్లిదండ్రులను పిలిపించి, ఈ విషయమై ఒక సభ ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాను.